డొక్కుకారుకు రెక్కలు!

లాస్ ఏంజెలెస్ నుంచి కొండలు దాటి ఈశాన్యంగా ఓ రెండు గంటలు వెళితే మొహావీ ఎడారిలో ఎల్ మిరాజ్ వస్తుంది. పేరుకు సరస్సు. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో చుక్క నీరుండదు. కనుచూపు మేరా పగుళ్లు తేలిన గోధుమరంగు బంకమట్టే. శీతకాలంలో వానపడితే ఆ మట్టిమీద పల్చగా నీళ్లు నిలుస్తాయి. ఎడారిగాలి ఆ నీటిని అటూఇటూ నెట్టి నేలను ఇస్త్రీ చేసినట్టు సాపుచేస్తుంది. తర్వాత ఎండ కాస్తుంది. అంతే... ప్రకృతే వేసిచ్చిన రేసుట్రాకు సిద్ధం!

మే నుంచి నవంబరు మధ్య కొన్ని వారాంతాల్లో ఇక్కడ విచిత్రమైన జాతర జరుగుతుంది. మడ్‌గార్డుల్లేని కార్లు, బానెట్ తీసేసిన కార్లు, టాపు కోసి కిందికి దించిన కార్లు వరసలో నిలబడతాయి. ఒక్కోటీ ఒంటరిగా, 1.3 మైళ్లు... అంటే రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ దూరం దుమ్ము రేపుకుంటూ దూసుకెళుతుంది. చివర్లో వేగం కొలుస్తారు. ప్రైజ్‌మనీ లేదు. వేగం అంకె రాసిన చిన్న కాగితం ముక్క ఇస్తారు. దానికోసం రెండేళ్లో మూడేళ్లో ఇంటి గ్యారేజీలో రాత్రుళ్లు గడిపినవాళ్లు వాళ్లంతా.

ఆ కార్లే హాట్ రాడ్‌లు. పాత కారును కొని, అనవసరమైన బరువంతా ఊడబీకి, అంతకంటే బలమైన ఇంజిను పెట్టి, సొంత చేతులతో కొత్తగా కట్టుకున్న బండి అన్నమాట.

జేబులో డబ్బుల్లేకే...

ఇదేదో డబ్బున్నవాళ్ల సరదా అనుకునేరు. పుట్టింది మాత్రం డబ్బులేని కుర్రాళ్ల చేతుల్లోనే. 1908 నుంచి 1927 దాకా ఫోర్డ్ కంపెనీ కోటిన్నరకు పైగా మోడల్-టి కార్లు తయారుచేసింది. 1930ల నాటికి అవి అమెరికా అంతటా పాత సామాన్ల దొడ్లలో తుక్కుగా పడి ఉండేవి. ఆర్థికమాంద్యం రోజులు. కొత్త కారు కొనలేని కాలిఫోర్నియా కుర్రాళ్లు ఆ డొక్కుల్ని ఇంటికి ఈడ్చుకొచ్చారు. మడ్‌గార్డులు తీసేస్తే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే వేగం పెరుగుతుంది. పైసా ఖర్చులేని ఇంజినీరింగ్!

1932లో ఫోర్డ్ వి-8 ఇంజినున్న కారు తెచ్చింది. ధర 460 డాలర్ల నుంచి. సామాన్యుడికి అందుబాటులోకి వచ్చిన తొలి ఎనిమిది సిలిండర్ల బండి అదే అనొచ్చు. అప్పుడు దాని శక్తి 65 హార్స్‌పవర్ మాత్రమే. కొన్నేళ్లకి అవీ పాతబడ్డాయి. కుర్రాళ్ల చేతికి చిక్కాయి. నడిపి చూడటానికి ఊళ్లో జాగా లేక ఎడారికి వెళ్లేవారు. అప్పట్లో అందరూ చేరే చోటు మ్యూరాక్ అనే మరో ఎండిన సరస్సు. అక్కడ స్థిరపడిన కోరమ్ అనే కుటుంబం పేరును తిరగరాస్తే వచ్చిన పేరది! ప్రమాదాలు పెరుగుతుంటే 1937లో క్లబ్బులన్నీ కలిసి దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. తర్వాత సైన్యం మ్యూరాక్‌ను తీసుకుంది. 1947లో ధ్వనివేగాన్ని దాటిన తొలి విమానం ఎగిరిందీ, 1981లో కొలంబియా స్పేస్ షటిల్ మొదటిసారి దిగిందీ అక్కడే. కుర్రాళ్లేమో తట్టాబుట్టా సర్దుకుని ఎల్ మిరాజ్‌కు వచ్చారు.

వాళ్లలో ఎడ్ ఇస్కెండేరియన్ ఒకరు. ద్రాక్ష పండించే ఆర్మేనియన్ వలస కుటుంబంలో పుట్టారు. 1924 నాటి మోడల్-టిని సొంతంగా కట్టుకుని 1942లో ఎల్ మిరాజ్ మీద గంటకు 120 మైళ్ల వేగం అందుకున్నారు. యుద్ధం నుంచి తిరిగొచ్చాక క్యామ్‌షాఫ్ట్‌లు సానబట్టే చిన్న షాపు పెట్టారు. అది పెద్ద కంపెనీ అయింది. బిల్ బర్క్ అనే ఆయనది ఇంకో దారి. యుద్ధవిమానాల కింద తగిలించే పెట్రోలు ట్యాంకు ఆకారం చూసి, ‘ఇది కారు బాడీకి బాగుంటుందే’ అనుకున్నారు. 1946లో పాత సైనిక సామాగ్రిలోంచి ఓ ట్యాంకు తెచ్చి చక్రాలు బిగించేశారు!

ముందు కాగితం... తర్వాతే స్పానర్

ఇప్పుడు తుక్కు తుక్కు ధరకు రావడం లేదు. 1932 ఫోర్డు ఆకారంలో కొత్తగా చేసే ఉక్కు బాడీ ఒక్కటే పదివేల డాలర్ల పైమాట. అయినా లాస్ ఏంజెలెస్ శివార్లలో సాయంత్రం ఏ వీధిలో నడిచినా ఓ దృశ్యం కనిపిస్తుంది. కొత్త కారు ఎండలో, వీధిలో. గ్యారేజీలో మాత్రం నాలుగు స్టాండ్ల మీద ఓ తుప్పుపట్టిన చట్రం!

వాటిలో చాలా బండ్లు ఎప్పటికీ రోడ్డెక్కవు. చేతకాక కాదు... లెక్క తప్పి. ఇల్లు కట్టించినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. శ్లాబు పడేదాకా బడ్జెట్ బాగానే ఉంటుంది. ఆ తర్వాతే తలుపులు, గడియలు, పంపులు, స్విచ్‌లు వరసకట్టి వస్తాయి. ఇక్కడా అంతే. కొత్తవాళ్లు బాడీ, ఇంజిను, చక్రాల ధర రాసుకుంటారు. బ్రేకు పైపులు, రబ్బరు గొట్టాలు, వైరింగ్, అద్దాలు, బేరింగులు, ఆయిల్ సీళ్లు, బోల్టులు ఆ కాగితంలో ఉండవు. అనుభవజ్ఞులు ముందుగా అడిగేది ‘ఏ ఇంజిను పెడతావ్’ అని కాదు, ‘ఈ బండితో ఏం చేస్తావ్’ అని. ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని ఐస్‌క్రీముకి వెళ్లే బండి వేరు, ఎల్ మిరాజ్‌లో పరుగెత్తే బండి వేరు. రెండోదానికి డ్రైవరు చుట్టూ ఉక్కు పంజరం, మంటలంటుకోని దుస్తులు వంటివెన్నో తప్పనిసరి. ఒకే బండి రెండూ చేయాలనుకుంటేనే జేబు చిల్లు పడుతుంది.

తొలిసారి కట్టేవాళ్లకి అందరూ మోజుపడే రెండు తలుపుల కారు కంటే నాలుగు తలుపుల సెడానే మేలు. చూపులకు కాస్త ముసలిది, ధరకు చవక. 1950ల నాటి పికప్ ట్రక్కులూ ఇలాంటివే. ఇంకా చవగ్గా కావాలంటే ఫైబర్‌గ్లాస్ తొట్టిలాంటి బాడీతో వచ్చే ‘టి-బకెట్’ ఉంది. తలుపుల గొడవ తక్కువ, గ్యారేజీలో తక్కువ చోటు. వాన పడితే మాత్రం తడవాల్సిందే! ఏదైనా సరే, చవగ్గా వచ్చే ఖాళీ డొల్ల కంటే కాస్త ఎక్కువ పోసి మొత్తం సామానున్న బండి కొనడమే లాభం. లేని భాగాలు ఒక్కొక్కటీ వెతుక్కోవడం దగ్గరే బడ్జెట్ చచ్చిపోతుంది.

ఇంజిను విషయంలో గుండె ఒకటి చెబుతుంది, పర్సు ఇంకోటి. పాత ఫోర్డ్ వి-8 శబ్దం అభిమానులకు సంగీతం. కానీ త్వరగా వేడెక్కుతుంది, బాగుచేయించాలంటే ఖర్చు. అందుకే చాలామంది షెవర్లే చిన్న వి-8 వైపు వెళతారు. 1955లో వచ్చిన ఆ కుటుంబంలో 2011 నాటికి పదికోట్ల ఇంజిన్లు తయారయ్యాయి. ఏ మూల మెకానిక్ షాపులోనైనా దాని భాగాలు దొరుకుతాయి. ‘ఫోర్డులో షెవర్లే గుండె ఏమిటి’ అని ముక్కు విరిచేవాళ్లూ లేకపోలేదు. వాళ్ల మాట వింటే ఖర్చు రెట్టింపు!

అన్నిటికంటే ముందు బ్రేకులు. ఫోర్డు హైడ్రాలిక్ బ్రేకులకు మారింది 1939 మోడల్‌తోనే. అంతకుముందు కార్లన్నీ ఇనుప కడ్డీలు, తీగల బలంతో ఆగినవే. వాటికి వందల హార్స్‌పవర్ల ఇంజిను తగిలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ముందు బ్రేకులకూ వెనక బ్రేకులకూ విడివిడిగా నూనె వెళ్లే మాస్టర్ సిలిండర్ వేస్తే ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుంది. మెరిసే చక్రాల కోసం బ్రేకుల్లో కోతపెట్టడాన్ని ఏ పాతకాపూ ఒప్పుకోడు.

పొమోనా సంత

లాస్ ఏంజెలెస్‌కు తూర్పున యాభై కిలోమీటర్ల దూరంలో పొమోనా. 1953లో ఇక్కడి సంతమైదానం పార్కింగ్ స్థలంలోనే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే హాట్ రాడ్ సంఘం తొలి అధికారిక రేసు జరిపింది. ఆ సంఘం మ్యూజియాన్ని 1998లో ఇక్కడే తెరిచారు. ఏడాదిలో కొన్ని ఆదివారాలు ఇక్కడ పాత కార్ల సామాన్ల సంత జరుగుతుంది. తెల్లవారకముందే జనం టార్చిలైట్లు పట్టుకుని దిగుతారు. వెలుగొచ్చేసరికి మంచి సరుకు అయిపోతుందని భయం!

తుప్పుపట్టిన గేర్‌బాక్సులు, హెడ్‌లైట్లు, స్టీరింగ్ చక్రాల మధ్య అక్కడక్కడా సగం కట్టిన బండ్లు కనిపిస్తాయి. ఎవరో ఏళ్లపాటు కష్టపడి, ఉద్యోగం పోయో, పిల్లాడు పుట్టో, ఓపిక చచ్చో అమ్మకానికి పెట్టినవి. కొత్తవాళ్లకి పొమోనాలో అసలైన బేరం ఇదేనంటారు. వెల్డింగ్ సరిగ్గా ఉందా, కాగితాలున్నాయా అని చూసుకుంటే చాలు. పెట్టిన ఖర్చంతా తిరిగి రాబట్టుకునే అమ్మకందారు అరుదు.

కాగితాలంటే గుర్తొచ్చింది. మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు పింక్ స్లిప్ అంటే ఉద్యోగం ఊడటం. కాలిఫోర్నియా కార్లవాళ్లకి అది బండి యాజమాన్య పత్రం, ఒకప్పుడు గులాబీరంగులో ఉండేది లెండి. అది లేని బండి ఎంత చవకైనా కొనకూడదు. ఇంట్లో మొదట్నుంచీ కట్టిన బండికి ఇంకో తిప్పలుంది. కాలుష్య పరీక్ష. బండి ఏ ఏడాది మోడల్‌ను పోలి ఉందో ఆ ఏడాది నిబంధనలే వర్తింపజేసే వెసులుబాటును కాలిఫోర్నియా ఏటా 500 బండ్లకే ఇస్తుంది. అందుకే బండి కట్టేవాళ్లు క్యాలెండర్ వైపు కూడా ఓ కన్నేసి ఉంచుతారు.

మన దగ్గర ఇది కుదిరే పని కాదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టూ అదే మాట గట్టిగా చెప్పింది. తుక్కుతో సొంతంగా కారు కట్టాలన్న పిచ్చి మనకూ కొత్త కాదని చూడాలంటే హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియానికి వెళ్లొచ్చు. బూటు, బ్యాటు, బర్గర్ ఆకారాల్లో కార్లు కనిపిస్తాయి.

రంగు ఆఖరున

ఆ శివారు గ్యారేజీల్లో బండిని రెండుసార్లు కడతారు. మొదటిసారి టైర్లు, చక్రాలు బిగించి నేలకు ఎంత ఎత్తున నిలబడాలో తేలుస్తారు. ఇంజిను, గేర్‌బాక్సు, సీటు, స్టీరింగ్ అన్నీ ఉత్తుత్తినే అమర్చి చూస్తారు. కూర్చుంటే మోకాలు ఎక్కడ తగులుతోంది, రేడియేటర్‌కు గాలి ఆడుతోందా... ఇదంతా అప్పుడే. తర్వాత పూర్తిగా వెల్డింగ్ చేసి, రంగు వేయకుండానే రోడ్డు మీదకు తీస్తారు. తొందరపడి ముందే మెరుపు రంగు కొట్టించినవాళ్లు, సైలెన్సర్ తగిలించే చోటు మరిచిపోయామని దానిమీదే గ్రైండర్ పెట్టాల్సి వస్తుంది.

ఓ శనివారం సాయంత్రం బూడిదరంగు ప్రైమర్ పూతతో, ఒక హెడ్‌లైటు కాస్త వంకరగా, ఆ బండి వీధి చివరిదాకా వెళ్లి వస్తుంది. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వస్తారు. రాత్రి గ్యారేజీ నేలమీద అట్టముక్క పరిచి, ఆయిల్ ఎక్కడ కారుతోందో చూడాలి. మొదటి వంద మైళ్లు తిరిగాక ప్రతి బోల్టునూ మళ్లీ బిగించాలి. రంగు సంగతి వచ్చే ఏడాది బోనస్ వచ్చాక చూసుకోవచ్చు.