నూట పదహారో నంబరు

ఇంటికి నంబరుండడం మనకి కొత్త కాదు. కడపలో మా అమ్మ ఇంటికి రెండున్నాయి, పాతదొకటీ కొత్తదొకటీ. పోస్ట్‌మాన్‌కి ఆ రెండూ అక్కర్లేదు, మా నాన్న పేరు చాలు. ఆయన పోయి పదకొండేళ్లయినా సరే. కానీ ఇంట్లోని టీవీకీ, ఫోనుకీ, గేటు మీది కెమెరాకీ కూడా డోరు నంబర్లుంటాయని ఈమధ్యనే తెలిసింది. బి.ఏ. చదివి నవలలు రాసుకునేదానికి ఈ గొడవెందుకంటారా? అవసరం అలా వచ్చింది మరి.

అమ్మకి డెబ్భై ఎనిమిదేళ్లు. మోకాళ్లు అరిగిపోయాయి. ఒంటరిగా ఉంటుంది, కర్నూలు రమ్మంటే రాదు. అందుకే తమ్ముడు గేటుకొక కెమెరా, మంచం పక్కనొక చిన్న తెర పెట్టించి అమెరికా వెళ్లిపోయాడు. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చాక ఆ తెర నల్లబడింది. రాత్రి తొమ్మిదింటికి గేటు చప్పుడైతే అమ్మ గోడ పట్టుకుని వెళ్లి తీసింది. వచ్చింది పక్కింటి కోడలే, చింతాకుపప్పు గిన్నెతో. అయినా ఆ సంగతి విన్నాక నాకు నిద్ర పడితే ఒట్టు. నెట్ కంపెనీ మనిషి వచ్చి, "నెట్ వస్తానే ఉందిగదమ్మా" అని వెళ్లిపోయాడట. రావడం నిజమే. నేను నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో వెళ్లి దిగాను.

మేనల్లుడు ఫోనులో పాఠం చెప్పాడు. రూటరుకి రెండు ముఖాలు. వీధి వైపు ముఖానికి కంపెనీ ఇచ్చిన నంబరు, ఇంటి వైపు ముఖానికి 192.168.1.1. మీ ఇంట్లోనూ అదే ఉండొచ్చు, కంగారుపడకండి. వీధిలో నిలబడి "అమ్మా!" అని పిలిస్తే పది తలుపులు తెరుచుకుంటాయి, ఇంట్లో పిలిస్తే ఒక్కరే పలుకుతారు. ఇదీ అంతే. ఇలాంటి లోపలి నంబర్లు ఎవరింట్లో వాళ్లు వాడుకోవచ్చని 1996లోనే రాసిపెట్టారు. మంచిపనే చేశారు. పాత పద్ధతిలో ప్రపంచం మొత్తానికీ నంబర్లు సుమారు 429 కోట్లే. పంచిపెట్టే కేంద్ర ఖజానా 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది.

ఆ లోపలి ముఖాన్ని గేట్‌వే అంటారట. అంటే గడపేగా! తిరుమలకి తొలిగడప దేవుని కడప అని వింటూ పెరిగినదాన్ని, నాకా చెప్పడం?

ఇంట్లోకొచ్చిన ప్రతి వస్తువుకీ రూటరు ఒక నంబరిస్తుంది. శాశ్వతంగా కాదు, పెళ్లి బంతిలో ఆకులాగా. లేచి చేయి కడుక్కుంటే ఆ చోటు ఇంకొకరిది. అమ్మ ఇంటి రూటరు కరెంటు పోతే ఎవరికేమిచ్చిందో మరిచిపోయే రకం. ఆ సాయంత్రం కెమెరాకంటే ముందు టీవీ మేలుకుని, కెమెరా కూర్చునే 5లో కూర్చుంది. తెరేమో పాపం, ఇంకా 5నే పట్టుకుని తలుపు కొడుతోంది.

దీనికి మందు కొత్త అల్లుడి పీట. ఎవరొచ్చినా అది ఆయనకే. కెమెరా వెనక చీటీ మీద పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన పుట్టునంబరుంటుంది. రూటరు పేజీ తెరిచి, ఆ పుట్టునంబరుకి ఫలానా ఇంటి నంబరని రాసిపెట్టాలి. చివరి స్థానంలో 1 నుంచి 254 దాకా వాడుకోవచ్చు. 0 వీధి పేరు, 255 అందరికీ వేసే దండోరా.

"ఏ నంబరు పెట్టమంటావమ్మా?"

"నూట పదహారు పెట్టు," అంది, చదివింపులు రాయిస్తున్నట్టు.

పెట్టాను. తెర మీద కొత్త నంబరు కొట్టగానే గేటూ, దాని ముందు పడుకున్న కుక్కా కనిపించాయి. రూటరు మూడుసార్లు ఆర్పి వెలిగించి చూశాను. కుక్క కదల్లేదు.

అమ్మ కళ్లజోడు సర్దుకుని ఆ జాబితా అంతా చూపించమంది. "ఇందులో నీ ఫోను యాడుంది?"

వెతికాను. పొద్దున 4, ఇప్పుడు 9.

"ఇంట్లో పుట్టిన పిల్లవి, నీకేంది పూటకో చోటు? నీకూ ఒకటి రాసిపెట్టుకో," అంది.

ఈకాలం ఫోన్లు తమ పుట్టునంబరు దాచి దొంగనంబరు చెబుతాయట. ఈ ఇంట్లో మాత్రం అసలుదే చెప్పమని నా ఫోనుకి ఆజ్ఞ వేసి, 117 రాసుకున్నాను.