హైటెక్ సిటీలో మంద కాసిన చిట్టి

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో హీరో మనిషి కాదు.

పేరు చిట్టి. 'రోబో' (2010) సినిమాలో రజనీకాంత్ వేసిన మరమనిషి పేరే పెట్టారు. నలుపూ తెలుపూ కలిసిన బొచ్చు, రెప్ప వేయకుండా చూసే కళ్లు, చెప్పీ చెప్పకముందే అర్థం చేసుకునే బుర్ర. జాతి బోర్డర్ కోలీ. కులవృత్తి గొర్రెలు కాయడం. నివాసం కొండాపూర్‌లో పదకొండో అంతస్తు. గొర్రెలు మాత్రం నిల్!

దీపావళికి రెండ్రోజుల ముందు మిత్రుడు ఫోన్ చేశాడు.

"పండక్కి మా ఇంటికి రారాదురా! చిట్టిని చూస్తనంటివి గదా. ఇప్పుడు రాకపోతే మళ్లా చూడలేవు. పండగ తెల్లారి పంపించేస్తున్నం."

"ఎక్కడికి?"

"శంకర్‌పల్లి దగ్గర తెలిసినాయనకు ఫామ్‌హౌస్ ఉంది. మాట్లాడిన."

గొంతులో పండగ కళ లేదు. ఇంకేం అడగలేదు. సంచీ సర్దుకున్నాను.

*

అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, పెద్దమ్మ గుడి, మాదాపూర్, దుర్గం చెరువు... ఆ తరవాత హైటెక్ సిటీ. కిటికీలోంచి చూస్తుంటే సెట్టింగు మారినట్టు ఊరు మారిపోతుంది. ఎటు చూసినా అద్దాల మేడలే. మధ్యమధ్య, తీసేయడం మరిచిపోయినట్టు, ఒక నల్లరాతి గుట్ట. దక్కన్ పీఠభూమికి ఆ గుట్టలే పాత కాపులు, మేడలన్నీ నిన్నమొన్న వచ్చినవి.

సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజపేయి 1998 నవంబరు 22న ప్రారంభించారు. అప్పటికి మావాడు సిద్దిపేట పక్క పల్లెటూళ్లో అయిదో తరగతి. వాళ్ల నాన్నకు ఎనభై గొర్రెలుండేవి. మావాడి ఇంటర్‌కి అవి అరవై అయ్యాయి. ఇంజనీరింగ్ పూర్తయ్యేసరికి ఇరవై. చెల్లెలి పెళ్లితో ఆ ఇరవయ్యీ వెళ్లిపోయాయి. పెద్దాయన దగ్గర ఒక గొంగడీ, ఒక కర్రా మిగిలాయి. కొడుకు మాత్రం సైబర్ టవర్స్‌కి కూతవేటు దూరంలో ఉద్యోగంలో చేరి, కొండాపూర్‌లో ఫ్లాటు కొన్నాడు. రెండేళ్ల కిందట పిల్లలు మారాం చేస్తే కుక్కపిల్లను కూడా కొన్నాడు. ఇంటర్నెట్‌లో బొమ్మ చూసి ముచ్చటపడి తెచ్చారే తప్ప, అది గొర్రెల కుక్క అని అప్పుడెవరూ ఆలోచించలేదు!

*

తలుపు తీయగానే చిట్టి నా వెనక్కి వచ్చింది. మొరగలేదు, మీద పడలేదు. తల వంచి, ఒళ్లు నేలకి దించి, ఒక పక్కనుంచి వలయం తిరిగి నన్ను మెల్లగా హాల్లోకి తోసింది. అక్కడప్పటికే ఇంటిల్లిపాదీ ఉన్నారు. నేను సోఫాలో కూర్చున్నాకే అది కూర్చుంది.

"అందరం ఒక్కకాడ ఉండాలె దానికి. ఒకరు వంటింట్ల, ఒకరు బాల్కనీల ఉంటే ఇటూ అటూ తిరిగి పిచ్చి లేస్తది" అంది మావాడి భార్య.

ఆ గుణం దాని రక్తంలోనే ఉంది. ఇంగ్లండు, స్కాట్లండుల సరిహద్దు కొండల్లో గొర్రెల కాపరులు తరతరాలుగా ఏరి కోరి పెంచిన జాతి ఇది. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్క గొర్రెల్ని అరుపుతో కాకుండా చూపుతో కదిలించేదట. ఈనాటి బోర్డర్ కోలీలు దాదాపు అన్నీ దాని సంతతే. కాపరి ఈల వేస్తే ఒక రకంగా కుడికి, ఇంకో రకంగా ఎడమకి తిరిగి మందను చుట్టేస్తాయి. అమెరికాలో ఛేజర్ అనే బోర్డర్ కోలీ వెయ్యికి పైగా బొమ్మల పేర్లు నేర్చుకుని శాస్త్రజ్ఞుల్నే ఆశ్చర్యపరిచింది.

సినిమాలకీ మంద కుక్కలకీ పాత చుట్టరికమే. మొదటి ప్రపంచయుద్ధంలో, 1918లో, ఫ్రాన్సులో ఒక సైనికుడికి దొరికిన జర్మన్ షెపర్డ్ పిల్ల రిన్ టిన్ టిన్ పేరుతో హాలీవుడ్ స్టారైపోయింది. 1943లో 'లాసీ కమ్ హోమ్' కోలీ కుక్కను ఇంటింటి చుట్టాన్ని చేసింది. 1995లో వచ్చిన 'బేబ్' చూశారా? అందులో గొర్రెలు కాయడం నేర్చుకునే పందిపిల్లను చేరదీసే తల్లి కుక్క బోర్డర్ కోలీయే. ఇక మనకి కుక్క అనగానే 'ప్రేమాలయం'లో టఫీ గుర్తొస్తుంది. పండగలూ పేరంటాలతో కళకళలాడే ఇంట్లో ఆ టఫీకి ఎంత వైభోగం! కానీ సినిమాలో కుక్కకి డైరెక్టరు పని చెబుతాడు. పదకొండో అంతస్తులో కుక్కకి పని చెప్పేదెవరు?

అసలు చిక్కు అక్కడే వచ్చింది. పది రోజుల కిందట కింద పక్కింటి పిల్లాడు సైకిలు తొక్కుతుంటే చిట్టి వెనకాలే పరిగెత్తి మడమ పట్టుకుంది. సాక్సు మీదే పన్ను పడింది, చర్మం తెగలేదు. చిట్టి లెక్కలో అది కరవడం కాదు, మందలోంచి తప్పించుకుపోతున్న గొర్రెను మళ్లించడం. పక్కింటామె లెక్కలో మాత్రం అది కరవడమే. ఆమెను తప్పుపట్టగలమా?

అపార్ట్‌మెంట్ సంఘంలో పంచాయితీ అయింది. పెంపుడు కుక్కల్ని సంఘాలు నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఉన్న మాట నిజమే.

"రూల్స్ సంగతి సరే. రోజూ లిఫ్టులో ఆమె ఎదురుపడితే మొహం ఎట్ల చూసేది?" అంది మావాడి భార్య. దానికి నా దగ్గర జవాబు లేదు.

*

ఈసారి నరక చతుర్దశీ దీపావళీ ఒకే రోజున వచ్చాయి. తెల్లవారుజామున నాలుగింటికే లేపేశారు. నువ్వుల నూనె, నలుగు, వేడినీళ్లు. తెలంగాణ ఇళ్లలో ఆ పొద్దున హారతుల సందడి చూడాలి. ఆడపడుచు వచ్చి మగవాళ్లందరినీ వరసగా పీటల మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి హారతిచ్చింది. పళ్లెంలో కట్నం వేయకపోతే కదలనివ్వదు! నాకూ ఒక పీట వేశారు.

వరస చివర, పీట లేకుండా, చిట్టి వచ్చి కూర్చుంది.

"దేవుని కాడికి కుక్కనా! బయటికి కొట్టుండ్రి" అంది మావాడి అమ్మ.

అప్పుడు నోరు తెరిచాడు పెద్దాయన. నేను వచ్చినప్పటినుంచీ బాల్కనీలో కుర్చీ దాటని మనిషి.

"ఎందుకు కొట్టాలె? మల్లన్న గుర్రం ఎంట కుక్క లేదా? దేవునికి లేని అంటు నీకెందుకే?"

ఆయన మాటకి ఆధారం ఉంది. కురుమలకు, గొల్లలకు కొమురవెల్లి మల్లన్న ఇలవేల్పు. ఒగ్గు కథ మొదలయ్యేదే ఆయన పేరు మీద. మహారాష్ట్రలో ఆయన్నే ఖండోబా అంటారు. ఖండోబా పటం ఎక్కడ చూసినా గుర్రం పక్కన కుక్క ఉంటుంది. నేను కూడా అందుకుని నేపాల్ సంగతి చెప్పాను. అక్కడ మన నరక చతుర్దశి నాడే 'కుకుర్ తిహార్' చేస్తారు. ఇంటి కుక్కకీ, వీధి కుక్కకీ నొసట తిలకం దిద్ది, మెడలో బంతిపూల దండ వేసి, విందు పెడతారు.

పెద్దమ్మ కాసేపు ఆలోచించింది. "సరే గని, దూరంకెల్లి" అంది. ఆడపడుచు నవ్వుతూ చిట్టి నొసటి తెల్లమచ్చ మీద కుంకుమ పెట్టింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మావాడు మాత్రం మొహం పక్కకి తిప్పుకున్నాడు. మర్నాడు పంపించాల్సింది అతనే కదా.

*

సాయంత్రం లక్ష్మీపూజ అయింది. బాల్కనీల నిండా దీపాలు. దూరంగా ఆఫీసు మేడలకి కూడా రంగుల బల్బులు. టపాసులు రాత్రి ఎనిమిది నుంచి పది దాకానే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. మన కాలనీల్లో ఆ గడియారం ఎలా నడుస్తుందో మీకు తెలుసు! మనిషి చెవికి వినపడే హద్దు సెకనుకు ఇరవై వేల కంపనాలైతే, కుక్క చెవి దానికి రెట్టింపు పైనే వింటుంది. మనకి సరదాగా వినపడే లక్ష్మీబాంబు దానికి పిడుగే.

మొదటి చప్పుడికే చిట్టి వణికిపోయింది. చిత్రమేమిటంటే, అది పారిపోయి మంచం కింద దూరలేదు. పిల్లలు కింద ఉన్నారు కదా! వణుకుతూనే తలుపు దగ్గరికీ, బాల్కనీకీ తిరుగుతోంది. అప్పుడు పెద్దాయన లేచి తన గొంగడి తీసుకుని లోపలి గదిలో నేల మీద కూర్చున్నాడు. నాలుక అంగిలికి కొట్టి "ట్ర్... ట్ర్..." అని ఏదో పిలుపు పిలిచాడు. చిట్టి చెవులు నిక్కాయి. వెళ్లి ఆయన ఒళ్లో తల పెట్టింది. ఆయన గొంగడి కప్పాడు.

నల్ల దక్కని గొర్రె ఉన్నితో నేసిన గొంగడి అది. ఇప్పుడు మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు పెరిగి, దక్కని మందలు తగ్గిపోయాయి. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ గొంగడికి గొర్రె వాసన పోదు. పుట్టి బుద్ధెరిగి గొర్రెను చూడని చిట్టి, ముక్కు అందులో దూర్చి కళ్లు మూసుకుంది.

పదిన్నరకి అందరూ గచ్చిబౌలిలోని ఏఎంబీ సినిమాస్‌లో సెకండ్ షోకి బయల్దేరారు. నాకూ టికెట్టు తీశారు. సినిమా పత్రికలకి రాసేవాడు పండగ సినిమా వదులుకోవడమా! కానీ వదులుకున్నాను. పెద్దాయనా, నేనూ, చిట్టీ మిగిలాం.

"మన కుక్కలు గిట్ల మందను తోలవు బిడ్డా. కావలి కాస్తయి. తోడేలొచ్చినా దొంగొచ్చినా మొరుగుతయి. తోలేది మనిషే" అంటూ మొదలుపెట్టాడు. ఎండాకాలం మేత కోసం మందతో ఎన్నెన్ని ఊళ్లు తిరిగిందీ, రాత్రిళ్లు రైతుల పొలాల్లో మంద పెడితే ఎరువుకి బదులు వాళ్లు వడ్లు కొలిచిందీ చెప్పాడు. పొద్దుగూకగానే గొర్రెల్ని లెక్కపెట్టేవాడట. "లెక్క తేలందే కన్ను మూతపడేది కాదు. ఒక్కటి తగ్గినా మళ్లా పోయి ఎతుకుడే."

కాసేపాగి అన్నాడు: "గిప్పుడు లెక్కబెట్ట ఏమున్నది? పొద్దుగాల టీ, పగటీలి టీవీ. మంద లేని కుక్కా, పని లేని మనిషీ ఒక్కటే బిడ్డా. తప్పు దానిది గాదు."

*

ఒంటిగంటన్నరకి తలుపు తెరుచుకుంది. చిట్టి గొంగడి విదిలించుకుని ఒక్క ఉరుకు ఉరికింది. మావాడు, భార్య, వాళ్ల పిల్లలిద్దరు, పెద్దమ్మ, ఆడపడుచు, ఆమె కొడుకు. ఒక్కొక్కర్నీ వాసన చూసింది. మళ్లీ మొదటినుంచి చూసింది. వెళ్లి తెరిచిన తలుపు ముందు నిలబడి లిఫ్టు వైపు చూపు నిలిపేసింది.

"చిట్టీ, లోపలికి రా!" అన్నాడు మావాడు. రాలేదు. బిస్కెట్టు చూపించాడు. తల తిప్పలేదు.

"ఇంక ఇద్దరు రావాలె గద. ఆగురా" అన్నాడు పెద్దాయన చీకట్లోంచి.

అయిదు నిమిషాలకి బావగారు వచ్చారు. కారులో నిద్రపోయిన చిన్నపాపను భుజాన వేసుకుని మెల్లగా దించుకొచ్చారు. చిట్టి ముందరి కాళ్లెత్తి, వేలాడుతున్న ఆ పాప పాదాన్ని వాసన చూసింది. అందరి చుట్టూ ఒక్క రౌండు కొట్టింది. గడప మీద పడుకుని కళ్లు మూసుకుంది.

"తొమ్మిది. తేలింది లెక్క" అన్నాడు పెద్దాయన.

మావాడు కారు తాళాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

పొద్దున లేచేసరికి బాల్కనీలో ఫోన్ మాట్లాడుతున్నాడు. "ఈ రోజు రావద్దన్నా. ఒక నెల చూస్తం" అంటున్నాడు. నెల మాత్రమే. షరతులు కూడా ఉన్నాయి. పిల్లలు ఆడే వేళ కింద గొలుసు విప్పకూడదు. ముందుగా పక్కింటికి వెళ్లి క్షమాపణ చెప్పాలి. తెల్లవారుజామున అయిదింటికీ, సాయంత్రమూ పెద్దాయన చిట్టిని నడిపించాలి. కొండాపూర్‌లో 2018లో మునిసిపల్ కార్పొరేషన్ తెరిచిన కుక్కల పార్కులో రోజూ గంటసేపు పరుగులు పెట్టించాలి. వారం తిరిగేసరికి ఊరికి వెళ్లిపోదామనుకున్న పెద్దాయన అప్పటికే కర్ర పట్టుకుని, చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

నెల తరవాత ఏమవుతుందంటారా? పక్కింటి పిల్లాడు మళ్లీ సైకిలు తీస్తే తెలుస్తుంది.

నేను సంచీ భుజాన వేసుకున్నాను. తలుపు దగ్గరికి వెళ్తే చిట్టి అడ్డంగా నిలబడింది. పక్కకి తప్పుకుంటే అటు వచ్చింది. ఇటు జరిగితే ఇటు వచ్చింది. తల వంచి, కళ్లార్పకుండా, నన్ను మళ్లీ సోఫా వైపు తోయడం మొదలుపెట్టింది.

"నిన్ను గూడ మందల కలిపింది బిడ్డా" అన్నాడు పెద్దాయన గొలుసు అందుకుంటూ. "టీ తాగి పో!"

కూర్చున్నాను. ఇంకేం చేస్తాను?