బల్లమీద సికిందరాబాదు స్టేషను

చార్మినారు హైదరాబాదుకు ఎటువంటిదో, రైలు స్టేషను సికిందరాబాదుకు అటువంటిది. జిల్లాలనుంచి పట్నం వచ్చేవారిలో ఎక్కువమంది మొదట కాలు మోపేది ఇక్కడే. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరుమీద వెలసిన యీ కంటోన్మెంటు ఊరికి, 1874లో వాడి జంక్షను నుంచి రైలు వచ్చింది. నిజాం ప్రభుత్వపు హామీమీద నడిచిన కంపెనీ కనుక ‘నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’ అని పేరు పెట్టుకున్నది. 1889లో బెజవాడతో సంబంధం కలిసింది. 1893లో లాలాగూడాలో వర్కుషాపు వెలిసింది. కొన్నాళ్లకు మన్మాడు వైపు మీటరుగేజి దారి పడింది. 1930లో ప్రభుత్వమే రైల్వేను చేతిలోకి తీసుకున్నది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, సికిందరాబాదు దానికి ముఖ్యస్థానమయింది.

స్టేషను ముందుభాగం మీలో చాలామందికి కళ్లకు కట్టినట్టే వుంటుంది. కోట ముఖద్వారంలాంటి కట్టడం, వరుసగా కమానులు, వాటికింద పోర్టికో. ఆల్ఫా హోటలు దగ్గర చాయి తాగుతూ దానిని చూడనివారు వుండరు. ఇప్పుడది లేదు. 700 కోట్లకు పైగా ఖర్చుతో స్టేషనును తిరిగి కట్టే పనికి 2023 ఏప్రిలులో శంకుస్థాపన జరిగింది. 2025లో పాత కట్టడాన్ని పడగొట్టారు. పది ప్లాట్‌ఫారాల స్టేషను, పండుగనాడు ఇసుక వేస్తే రాలని జనం. కొత్తది అవసరమే. ఆ సంగతి కాదనను.

కాని మా పక్కింటి బాబాయిగారు మాత్రం ఆనాటినుంచి సాయంకాలపు నడక దారి మార్చుకున్నారు. ఆయన ఉద్యోగమంతా ఆ స్టేషనులోనే గడిచింది. రిటైరయిన తరువాత కూడా రోజూ ఆ వైపు వెళ్లి, బండ్లు వేళకు వస్తున్నాయో లేదో చూసి వచ్చేవారు. “ఏం చూడను మాస్టారూ, రేకుల కంచె చూడనా?” అన్నారొకనాడు. ఆ మాట మా అమ్మాయి చెవిన పడ్డది. “నాన్నా, సంక్రాంతి కొలువులో స్టేషను పెడదామా?” అన్నది.

బొమ్మల కొలువు మనకు కొత్తది కాదు గదా. పళ్లెంలో ఆవాలు మొలిపించి పొలమనడం, అద్దం ముక్క పెట్టి చెరువనడం, దాని ఒడ్డున కొండపల్లి బొమ్మలను నిలబెట్టడం మన ఆడపడుచులకు తరతరాలుగా తెలిసిన విద్య. దీనికే పడమటివారు కొలతలు, లెక్కలు తగిలించి పెద్ద శాస్త్రం చేశారు. జర్మనీలో హాంబర్గు నగరంలో 2001లో తెరిచిన బొమ్మరైళ్ల ప్రదర్శనను చూడడానికి దేశదేశాల జనం వస్తారు. అంతదూరం ఎందుకు? పూనాలో 1998లో జోషీగారి బొమ్మరైళ్ల మ్యూజియం తెరిచారు. ఈ వేడుకకు చెయ్యి చాలా తడపవలసి వస్తుంది. విదేశపు ఇంజను ఒక్కటి కొనాలంటే వేలు కావాలి. మా ఇంట్లో మంజూరయినది వెయ్యి రూపాయలు.

అందుచేత మొదట చేసిన నిర్ణయం, మా రైలు నడవదు అన్నది. స్టేషనులో ఆగివుంటుంది. మోటారు, విద్యుత్తు, గుండ్రటి పట్టాలు అన్నీ ఆ ఒక్కమాటతో తప్పిపోయాయి. ఇక మిగిలింది కొలత. ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలతకు ‘హెచ్.ఓ.’ అని పేరు. అసలు వస్తువులో 87వ వంతు. అంటే అసలు మీటరు మన బల్లమీద పదకొండున్నర మిల్లీమీటర్లు. అయిదున్నర అడుగుల మనిషి 19 మిల్లీమీటర్లకు దిగుతాడు. పాత నీలిరంగు రైలుపెట్టె 22 మీటర్ల పైచిలుకు, కనుక రమారమి 26 సెంటీమీటర్లు. 24 పెట్టెల బండి చేస్తే 20 అడుగులు దాటుతుంది. మా హాలు గోడ బద్దలుకొట్టాలి! మూడడుగుల బల్లమీద ఒక డీజిలు ఇంజను, రెండు పెట్టెలు సుఖంగా ఇముడుతాయి. మిగిలిన బండి అవతల వున్నదని చూసేవారు అనుకుంటారు. కొలువులో నాలుగు మొలకలు పొలం కావడంలేదూ?

మరొక చిక్కు వచ్చింది. కమానులు రోడ్డు వైపు, రైలు వెనక వైపు. ఒకటి కనిపిస్తే రెండవది కనిపించదు. కనుక బల్లను గోడకు చేర్చకుండా గది మధ్య పెట్టాలనుకున్నాము. నడుమ మూడంగుళాల మందాన కట్టడం. ఇటు పోర్టికో, ఆటోలు. అటు ప్లాట్‌ఫారం, బండి. చూసేవారు చుట్టూ తిరిగి చూస్తారు.

తరువాత సరుకుల వేట. దీనిలో సికిందరాబాదంత అనుకూలమైన ఊరు మరొకటి లేదనిపించింది. భోయిగూడాలో కలప అడితీల దగ్గర మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ప్లైవుడ్డు ముక్క తక్కువకే దొరికింది. గోనెసంచిలో రంపపుపొట్టు ఊరికే ఇచ్చారు. రాణీగంజిలో ఇనుపసామాన్ల అంగళ్లలో సన్నని తీగ, గరుకు కాగితం కొన్నాము. జనరల్ బజారులో రెండు పెన్సిలు సెల్లులతో వెలిగే చిన్న దీపాల తోరణం, నాలుగు రంగుసీసాలు. మోండా మార్కెట్టునుంచి కూరగాయలతోపాటు చింతగింజలు. చింతగింజలెందుకంటారా? కొండపల్లి బొమ్మలవారు రంపపుపొట్టులో చింతగింజల పిండి కలిపి ‘మక్కు’ చేస్తారు. తెల్లపొణికి చెక్క ముక్కలను దానితోనే అతికి, ఒంపులు తీరుస్తారు. మెట్టపల్లాలకు, రాళ్లగుట్టలకు అంతకంటె మంచి సరుకు లేదు. ఎండితే గట్టిపడుతుంది, రంగు పడుతుంది.

కట్టడానికి మాత్రం పైసా ఖర్చు లేదు. ఆ సంవత్సరం వచ్చిన పెళ్లి శుభలేఖలన్నీ మా అమ్మాయి దాచింది. దళసరి అట్ట, నున్నటి పైభాగం, కమానులు కోయడానికి శ్రేష్ఠం. ఎత్తెంత పెట్టాలి? పాత ఫొటోలు ముందు వేసుకున్నాము. ఒక ఫొటోలో కమాను పక్కనే ఒక కూలీ నిలబడి వున్నాడు. అతని ఎత్తు అయిదున్నర అడుగులనుకుని, కమాను అతనికి ఎన్నింతలో స్కేలుపెట్టి కొలిచాము. ఆ లెక్కను 87తో భాగిస్తే కత్తిరించవలసిన కొలత వచ్చింది. ఒక కమానుకు గట్టి అట్టతో అచ్చు చేసుకుని, మిగిలినవన్నీ దానినిబట్టే కోశాము. ప్లాట్‌ఫారం ఎత్తు ఒక సెంటీమీటరుకు లోపే.

పట్టాల దగ్గర పేదరికమే మేలు చేసింది. అంగడిలో దొరికే హెచ్.ఓ. పట్టాల నడుమ ఎడం పదహారున్నర మిల్లీమీటర్లు. అది ఐరోపా, అమెరికాలలోని నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాల దారికి సరిపోయే లెక్క. మన బ్రాడ్‌గేజి అయిదడుగుల ఆరంగుళాలు, అంటే 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 పైచిలుకు. వేలు పోసి కొన్నవారి బండి సన్నదారిమీద నిలబడితే, మా బండి అసలైన బ్రాడ్‌గేజిమీద నిలబడ్డది! స్లీపర్లకు అగ్గిపుల్లలు. తలలు తీసేసి 32 మిల్లీమీటర్లకు కోసి, ఏడేసి మిల్లీమీటర్ల ఎడంతో అంటించాలి. మూడడుగుల దారికి 130 పుల్లలు, రెండు దారులకు 260. వాటిపైన తీగ. కంకరకు సన్నజల్లెడలో పట్టిన ఇసుక. దానిని పొడిగా పోసి, కుంచెతో సర్ది, నీళ్లలో పలచన చేసిన ఫెవికాలులో ఒక్కచుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపి ఇంకు ఫిల్లరుతో బొట్లుబొట్లుగా వేస్తే కదలకుండా పట్టుకుంటుంది. సబ్బు లేకపోతే జిగురు లోపలికి దిగదు, ఇసుక ఉండలు కడుతుంది. మట్టికి చాయి పిప్పిని ఎండబెట్టి చల్లాము. చెట్లకు ఎండిన తులసికొమ్మలు, వాటికి ఆకుపచ్చ రంగద్దిన రంపపుపొట్టు.

బాబాయిగారు మొదట దూరంనుంచే చూసి వెళ్లేవారు. ప్లాట్‌ఫారం ఎక్కిన నాటినుంచి కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు. “కూలీలు లేని స్టేషనేమిటి మాస్టారూ? ఎర్రచొక్కా, చేతికి ఇత్తడి బిళ్ల. బండి ఆగకముందే తలుపు పట్టుకుని నడుస్తారు. వాళ్లను అలా పెట్టండి” అన్నారు. అగ్గిపుల్ల ముక్కలకు మక్కు అద్ది మా అమ్మాయి కూలీలను చేసింది. చేతిబిళ్లకు పసుపు చుక్క పెట్టింది. ట్రంకుపెట్టెమీద కూర్చున్న ముసలమ్మ, పసిపిల్లను ఎత్తుకున్న తల్లి, బండి వెళ్లిపోతుందేమోనని నీళ్ల కుళాయి దగ్గరనుంచి పరుగెత్తే కుర్రవాడు, ఒక్కొక్కరే చేరారు. ఆయన చెబుతూపోతే అది బొమ్మల పట్టికలా కాక, ఆయన ఉద్యోగపు దినచర్యలా వినిపించింది.

మొత్తం ఖర్చు ఏడువందలు దాటలేదు. రోజుకు గంట చొప్పున రెండునెలలు పట్టింది. కొలువునాడు పేరంటానికి వచ్చిన పిల్లలు బండి ఎందుకు నడవదని అడిగారు. “ఇప్పుడే వచ్చింది, సామాను దింపుతున్నారు” అని బాబాయిగారు సమాధానం చెప్పారు. పెద్దవాళ్లు కమానుల వైపు నిలబడి, ఏ సంవత్సరం ఎవరిని దింపడానికి వచ్చారో, ఎవరికోసం ఎదురుచూశారో చెప్పుకున్నారు. ఇవేమీ అట్టముక్కలో లేవు. కాని అట్టముక్క లేనిదే ఆ మాటలు వచ్చేవి కావు.

1916లో కట్టిన కాచిగూడ స్టేషను గుమ్మటాలతో, మినార్లతో ఇంకా నిలిచివున్నది. మా అమ్మాయి ఇప్పుడు దానిమీద కన్నువేసింది. ‘అమృత్ భారత్’ పథకంకింద దేశమంతటా స్టేషన్లను బాగుచేస్తున్నారు. మీ ఊరి స్టేషను వంతు కూడా రావచ్చు. తీరికవేళ ఒకసారి వెళ్లి, ముందునుంచి, పక్కలనుంచి, ప్లాట్‌ఫారం వైపునుంచి ఫొటోలు తీసి వుంచండి. ప్రతి ఫొటోలోను గుమ్మం పక్కన ఇంటివాళ్లనెవరినైనా నిలబెట్టండి, వారి ఎత్తు ఎంతో వెనక రాసిపెట్టండి. స్టేషను కట్టవలసివచ్చిననాడు కొలత దొరుకుతుంది. కట్టకపోయినా ఇంటివాళ్ల ఫొటో మిగులుతుంది.