పొడపత్రియు మందుమాత్రయు

మధుమేహము నేడు మన యిండ్లలో చుట్టమువలె వచ్చి యజమానివలె స్థిరపడినది. నడివయసు దాటినవారికి ఆ వ్యాధి కలదని తెలిసిన మరునాడే ఇరుగుపొరుగువారందరును వైద్యులగుదురు. ఒకరు నేరేడుగింజల పొడి యందురు, వేరొకరు కాకరరసమందురు, మరియొకరు పొడపత్రి యాకు నమిలిన చాలునందురు. ఈ మాటలన్నియు బూటకములని మేము చెప్పబోము. వానిని నమ్మి మాత్రలు మానుటయే మేము నిరసించునది.

మొక్కలో గుణము లేదనువాడు వైద్యచరిత్ర నెరుగనివాడు. ఈ వ్యాధికి లోకమంతటను ఎక్కువగా నిచ్చుచున్న మెట్‌ఫార్మిన్ యను మందునకు మూలము ఐరోపా పల్లెవైద్యమున వాడుకలో నుండిన గాలెగా యను మొక్క. అందు గ్వానిడీన్ జాతి పదార్థములు గలవు. గ్వానిడీన్ జంతువుల రక్తములోని చక్కెరను తగ్గించునని 1918లో తెలిసినది. కాని అది విషము కూడ. ఆ మొక్కను మేసిన గొర్రెలు చచ్చుటయు గలదు. ఆ జాతికే చెందిన మెట్‌ఫార్మిన్‌ను రసాయనికులు 1922లో ప్రయోగశాలలో నిర్మించిరి. 1957లో ఫ్రెంచి వైద్యుడు జాఁ స్టెర్న్ దానిని రోగులకిచ్చి ఫలితములను ప్రకటించెను. స్థూలకాయులైన రోగులలో అది మరణములను తగ్గించునని బ్రిటనులో జరిగిన దీర్ఘపరీక్ష 1998లో చూపినది. ఆకునకును మాత్రకును నడుమ ఇన్ని యేండ్ల తూనికయు కొలతయు గలవు.

ఆపిలుచెట్టు బెరడు కథయు నిట్టిదే. దానినుండి 1835లో ఫ్లోరిజిన్ అను పదార్థమును వేరుచేసిరి. అది చక్కెరను మూత్రముద్వారా వెడలించును. కాని నోట మ్రింగినచో ప్రేవులలోనే విరిగిపోవును. దాని నిర్మాణమును మార్చి చేసిన మాత్రలు 2012 మొదలు వాడుకలోనికి వచ్చినవి.

ఇక మన మొక్కల సంగతి. పొడపత్రి నమిలి చక్కెర నోట వేసికొనిన ఇసుకవలె తోచును. అందలి జిమ్నెమిక్ ఆమ్లములు నాలుకకు తీపి తెలియకుండ అడ్డుకొనుటయే యిందుకు కారణము. నాలుకకు తీపి తెలియకపోవుట వేరు, రక్తమున చక్కెర తగ్గుట వేరు. మెంతులలోని జిగురువంటి పీచు ఆహారమునందలి చక్కెర రక్తమున కెక్కుటను మందగింపజేయును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1990లో ప్రకటించిన యొక పరీక్షలో, ఇన్సులిన్ తీసికొను రోగులకు నూనె తీసిన మెంతిపిండిని దినమునకు 100 గ్రాములు పెట్టగా చక్కెర తగ్గినది. పోపులో వేయు చిటికెడు మెంతులకు ఆ ఫలము నాశించుట న్యాయమా?

మా పెదతల్లిగారు ఒక మూలికల వర్తకుని మాట నమ్మి మాత్రలు మాని, చీటీలేని చూర్ణమును తినుచుండిరి. కాలివ్రేలికి ముల్లు గ్రుచ్చుకొనినది. నరములు మొద్దుబారినందున ఆమెకు నొప్పి తెలియలేదు. తెలిసినప్పటికి వ్రేలు నల్లబడినది. దానిని తీసివేయవలసి వచ్చినది. "బాధ యేమియు లేదు గదా, గుణమిచ్చినదనుకొంటినమ్మా" యని ఆమె మాతో ననిరి. ఈ వ్యాధి మోసమంతయు ఆ మాటలోనే యున్నది. బాధ లేకపోవుట గుణము కాదు. రక్తపరీక్షలోని అంకెయే సాక్షి.

చీటీలేని చూర్ణములకు మరియొక దోషము కలదు. చక్కెరను తగ్గించు మాత్రలనే రహస్యముగా నూరి కలిపిన మూలికామందులు పలుదేశముల పరీక్షలలో బయటపడినవి. అట్టిదానిని మాత్రలతోపాటు తిన్నవారికి చక్కెర ఒక్కసారిగా పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును.

కావున గృహిణులారా, కాకరకూర వండుడు, మెంతికూర వండుడు. అవి మంచి యాహారములు. మూలిక దేనినైన తినగోరినచో ముందు వైద్యునితో చెప్పుడు, మాత్ర మానకుడు, రక్తమును పరీక్షింపజేయుడు. అమ్మువానిని, ఇందేమున్నది, ఎంత యున్నది, ఎవరిపై పరీక్షించిరి యని యడుగుడు. గాలెగా నడిగిన ప్రశ్నలనే పొడపత్రినడుగుట దానికి అవమానము కాదు. అదియే మన మూలికకు మనము చేయు గౌరవము.