గాలిముల్లు చెప్పిన మాట

2018వ సంవత్సరము డిసెంబరులో మా విద్యార్థులకు బొర్రా గుహలు చూపుటకై బస్సులో తీసికొనిపోతిని. శృంగవరపుకోట దాటి ఘాటు రోడ్డు ఎక్కబోవుచుండగా డ్రైవరు బండి నిలిపెను. బ్రేకు త్రొక్కినప్పుడెల్ల గాలి పీడనపు ముల్లు మితిమీరి దిగుచున్నదట. అప్పటికే ప్రొద్దెక్కినది. "మెల్లగా పోనిండు" అని తొందరపెట్టితిని. "పిల్లలున్నారు మాష్టారూ, నేను కదల్చను" అని యతడు దిగెను.

ఇట్టి బండ్లలో ఇంజనుతో తిరుగు కంప్రెసరు ట్యాంకులలో గాలి నింపును. పెడలు త్రొక్కినప్పుడు ఆ గాలి బలముననే బ్రేకులు చక్రములను పట్టును. అతడు చక్రముల క్రింద రాళ్లుంచి, ఇంజను ఆపి, ముల్లును చూచెను. అది కదలలేదు. పిమ్మట నన్ను పెడలు త్రొక్కి పట్టుమనెను. ముల్లు ఆగక జారసాగెను. "ట్యాంకులు మంచివే, పెడలు వాల్వు దాటిన తరువాత ఎక్కడనో గాలి పోవుచున్నది" అనెను. సబ్బునీరు గొట్టములపై పూయగా, వెనుక చక్రము దగ్గరి రబ్బరు గొట్టముపై బుడగలు లేచెను. అది ఇనుమునకు ఒరసికొని చిట్లియుండెను.

క్రొత్త గొట్టము తెచ్చి బిగించుసరికి సాయంకాలమాయెను. గుహలు చూడకయే మరలితిమి. పిల్లలు చిన్నబోయి డ్రైవరునే నిందించిరి. నేను మాటాడనైతిని.

ట్రైనింగు కాలేజీ విడిచినది మొదలు వాయుపీడనమును గూర్చి పాఠము చెప్పుచునేయున్నాను. అయినను ఆనాడు ముల్లు దిగుచుండగా బండిని పోనిమ్మన్నవాడను నేనే. నాటి విద్యార్థులు ఈ పత్రికను చదువుదురేని, వారికీ మాట చెప్పవలెను: మిమ్ము కాపాడినవాడు ఆ డ్రైవరు, తప్పు నాది.