నల్లది

అక్టోబర్ 15, 2024

మళ్ళీ ఏడ్చింది కుక్క. రెండు దాటాక, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. ఈయనకి మెలకువ రాలేదు, లేక రానట్టు పడుకున్నారో. పక్కగదిలోంచి అత్తయ్య గొంతు: "ఎవరి కోసమో." భయమేం లేదు ఆ గొంతులో. బస్సు ఎవరెక్కుతారో కనుక్కుంటున్నట్టుంది.

"నా చెప్పొకటి బోర్లించి రా అమ్మాయ్, నోరు మూస్తుంది."

వెళ్ళి బోర్లించాను. తొమ్మిదో తరగతికి బయాలజీ చెప్పేదాన్ని. కాసేపటికి నిజంగానే ఆగింది. అదీ నా ఖర్మ.

అక్టోబర్ 18

చిత్తకార్తె. స్కూలు గ్రౌండులో, సరిగ్గా ఇంటర్వెల్లో. అందులో ఒకటి మా వీధి నల్లదే. మగపిల్లలు రాళ్ళు తీశారు. అరిచి తరిమాను. ఒక్కోసారి అరగంట దాకా విడివడలేవు, వాటి శరీరం తీరే అంత, కొడితే దెబ్బలు తగులుతాయి తప్ప విడిపోవు. ఇంత చిన్న సంగతి చెప్పడానికి నోరు రాలేదు. "పోండి లోపలికి" అన్నానంతే.

క్లాసులో ఒకమ్మాయి లేచి అడిగేసింది, "అవి అతుక్కుపోతాయా మేడం?" మిగతావాళ్ళు తలలు బల్లల కింద దూర్చేశారు. సిలబస్‌లో లేదన్నాను.

స్టాఫ్‌రూంలో లెక్కల మాస్టారు పదో తరగతి కుర్రాళ్ళని చిత్తకార్తె కుక్కలంటున్నారు. ఏటా ఇదే మాట, ఏటా అదే నవ్వు.

రాత్రిళ్ళు ఏడుపులు ఈ కార్తెలోనే ఎక్కువ. తోడు కోసం, తప్పిపోయినదాని కోసం, ఎక్కడో దూరంగా ఇంకోటి అరిస్తే దానికి జవాబుగా. చావుతో దానికేం పని? తెలుసు. తెలిసీ చెవి అటే పోతుందేం...

అక్టోబర్ 24

ఎదురింటి గేటుకి నీలం నీళ్ళ సీసాలు వేలాడుతున్నాయి. ఉజాలా కలిపారట. మూలింటివాళ్ళవి ఎర్రవి, కుంకుమ నీళ్ళు. కుక్కలు బెదిరిపోతాయని.

"వాటికి రంగులు కనపడవు కదా ఆంటీ, అంతా నలుపూ తెలుపే కదా?" ఎదురింటి చిన్నాడి ప్రశ్న. వాళ్ళమ్మకి తట్టనిది వీడికి తట్టింది. నీలమూ పసుపూ బాగానే కనపడతాయిరా, ఎరుపూ ఆకుపచ్చే తేడా తెలీదు అన్నాను. 1989లో అమెరికాలో నైట్జ్ వాళ్ళు మూడు కుక్కలతో పరీక్షించి తేల్చారు. మరి మూలింటి కుంకుమ నీళ్ళు దానికి మురికి నీళ్ళే. నీలం కనపడుతుంది సరే, కనపడితే భయపడాలని ఎక్కడుంది?

"పనిచేస్తోందండీ, నిన్నట్నుంచి ఒక్కటీ రాలేదు" అంది వాళ్ళమ్మ. నల్లది అప్పుడు మా అరుగు మీద పడుకునుంది.

అక్టోబర్ 31

దీపావళి. లక్ష్మీబాంబు మొదటిది పేలగానే నల్లది గేటు సందులోంచి దూరి తిన్నగా అత్తయ్య మంచం కిందికి. మనకి 20,000 హెర్ట్జ్ దాకా, దానికి 45,000 దాకా వినపడుతుందని బోర్డు మీద రాస్తాను, పిల్లలు రాసుకుంటారు. ఇవాళ దాని వణుక్కి మంచం కోడు గోడకి కొట్టుకుంటోంది.

ఈయన కర్ర తెచ్చారు.

"నా మంచం. నా ఇష్టం" అన్నారు అత్తయ్య. ఈ ఇంట్లో ఆవిడ నోట ఆ మాట వినడం ఇదే మొదలు.

నవంబర్ 11

తొమ్మిది బి కుర్రాడు కుంటుకుంటూ వచ్చాడు. కుక్క పిక్క పట్టేసిందట పొద్దున్నే. వాళ్ళ నాయనమ్మ కారం అద్ది, గుడ్డ కట్టి, బడికి పంపింది! కట్టు విప్పించి కుళాయి కింద నిలబెట్టాను. సబ్బు పెట్టి 15 నిమిషాలు. స్కూలంతా కిటికీల్లోనే.

"పధ్నాలుగు సూదులా మేడం? బొడ్డు చుట్టూనా?"

వాడు పుట్టకముందే, 2005 నాటికే పోయింది ఆ మందు. గొర్రె మెదడుతో చేసేవారు. మా అన్నయ్యకి పొడిచారు. చొక్కా పైకెత్తి పడుకోబెడితే నాన్న కాళ్ళు పట్టుకునేవారు, అమ్మ గది బయటే ఉండిపోయేది. ఆ సూదులు పోయి ఇన్నేళ్ళయినా ఆ భయం మాత్రం ఈ పిల్లాడి దాకా ఎలా వచ్చిందో.

ఆటోలో పెద్దాస్పత్రికి. చేతికే రా, ఇవాళ, మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు, అంతే అని దారంతా చెప్పాను. చేతి సూదికి నవ్వాడు. గాయం చుట్టూ ఇంకో మందు ఎక్కించినప్పుడు మాత్రం నా చెయ్యి నలిపేశాడు. బయటికొచ్చాక, "చికెన్ తినొచ్చా మేడం?"

తిను నాయనా.

ఏ కుక్కరా అంటే, "మీ వీధి నల్లదే మేడం."

నవంబర్ 13

డాక్టరు పది రోజులు దాన్ని కనిపెట్టమన్నారు, పిల్లాడి సూదులు మాత్రం ఆపకుండా. పిచ్చిదైతే ఈలోపే పోతుంది. ఆ సంగతి వీధంతా పాకింది. పొద్దున్నే ఒకరు, సాయంత్రం ఇద్దరు, మా అరుగు దాకా వచ్చి తొంగిచూసి పోతున్నారు. "ఇంకా తింటోందా?" "చొంగ కారుస్తోందా?"

ఇన్నాళ్ళూ అది మన చావుల కోసం ఏడుస్తుందన్నారు. ఇప్పుడు దాని చావు కోసం మనం కాపలా.

అది చూస్తే తోకాడిస్తోంది, ఎవరొచ్చినా. తోకాడిస్తే సంతోషమేనా? ఎడమవైపు ఎక్కువ ఊగితే బెదురనీ, కుడివైపు ఊగితే ఇష్టమైనవాళ్ళనీ 2007లో ఇటలీవాళ్ళు రాశారు. గమనిద్దామని కూర్చున్నాను. దాని కుడా, నా కుడా?

నవంబర్ 21

బతికే ఉంది. తొంగిచూసేవాళ్ళు ఇవాళ ఒక్కరూ రాలేదు. తప్పిందని చెప్పుకోవడానికి ఎవరు మాత్రం వస్తారు?

అత్తయ్య పెరుగన్నం కలిపించారు. "పొట్ట దిగింది దానికి, చూశావా?" మంచం మీంచే చూసేశారు. నేను చూడలేదు.

నవంబర్ 30

వంటింట్లో పెసరట్టు మాయం. నల్లది చెవులు వెనక్కి పెట్టి, చూపు నేలకేసి. "చేసిన తప్పు దానికి తెలుసు, మొహం చూడు" అంటారు ఈయన.

కాకి ఎత్తుకుపోతుండగా నేను చూశాను.

అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో రాసింది ఇదే. తప్పు చేసిన కుక్కా చెయ్యని కుక్కా ఒకేలా మొహం పెడతాయి, యజమాని కసిరితే చాలు. తప్పుండక్కర్లేదు. గొంతు లేస్తే చాలు.

నేనూ అలాగే నిలబడతాను. ఎందుకు అరుస్తున్నారో తెలీకముందే, చూపు నేలకేసి. ఇరవై ఎనిమిదేళ్ళుగా.

కాకి అని చెప్పలేదు ఈయనకి. ఎందుకు చెప్పలేదు?

డిసెంబర్ 20

మెట్ల కింద, పాత గోనెసంచి మీద. ఆరు. కళ్ళు మూసుకునే ఉన్నాయి, ఇంకో పది పన్నెండు రోజులు అంతే. తెల్లారుజామున గుళ్ళో తిరుప్పావై మైకు మొదలవగానే నల్లది అక్కడే పడుకుని మెడ మాత్రం ఎత్తి సాగదీసింది. దాన్నెవరూ ఏడుపనలేదు ఈసారి.

"ఎన్ని?" "ఆరు అత్తయ్యా." "ఆడవెన్ని?" "నాలుగు."

పెదవి విరిచారు. తర్వాత గంజిలో బెల్లం వెయ్యమన్నారు. బెల్లం వద్దన్నాను. "బాలింతకి బెల్లం వద్దనే మేడమ్మని నిన్నే చూశాను."

జనవరి 6, 2025

కుక్కకి ఒక ఏడంటే మనకి ఏడేళ్ళు, క్లాసులో అందరికీ వచ్చిన ఎక్కం ఇదొక్కటే. అలా కాదర్రా, మొదటి ఏడాదికే దాదాపు ముప్ఫై ఏళ్ళ మనిషంత అవుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, లాబ్రడార్ల మీద 2020లో లెక్క కట్టారు అన్నాను. ఎవరికీ నచ్చలేదు. ఏడో ఎక్కమే బాగుందట.

ఇంట్లో ఇది చెప్తే అత్తయ్య తన 84ని ఏడుతో భాగించమన్నారు. పన్నెండు.

"పన్నెండేళ్ళ కుక్క ఏం తింటుందే?"

మెత్తటిదేదైనా.

"అయితే రేపు ఇడ్లీ వెయ్యి."

జనవరి 19

పండగ అయిపోయింది, ఆడపడుచులు వెళ్ళిపోయారు. మగపిల్లలు రెండూ భోగి లోపే పోయాయి, ఒకటి టైలరుకి, ఒకటి పాలబ్బాయికి. ఆడవి ఎవరికీ వద్దు. వీధిలో అడిగి చూశాను. "మగదుంటే చెప్పండి మేడం."

రాత్రి అత్తయ్య నిద్రపోకుండా అటూ ఇటూ దొర్లుతున్నారు. ఏమిటంటే, "అది ఏడవడం మానేసింది. పైవాళ్ళు నా సంగతి మర్చిపోయినట్టున్నారే."

నవ్వాలో వద్దో తెలీలేదు. ఆవిడే నవ్వారు.

ఫిబ్రవరి 21

పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. పిల్లలు పాలు మానేశాయి కనక నల్లమ్మకి ఆపరేషన్ చేసెయ్యొచ్చట. ఆడపిల్లలకీ వయసొచ్చాక చేయించమన్నారు. ఒక్క ఈతైనా ఈనకపోతే జబ్బు చేస్తుందంటారు కదండీ అని అడిగాను. అదేం లేదమ్మా, ఎంత ముందు చేయిస్తే రొమ్ము గడ్డలు అంత తక్కువ అన్నారు. చెవి కొస కొంచెం కత్తిరిస్తారట, మళ్ళీ ఎవరూ పట్టుకుపోకుండా గుర్తు.

అత్తయ్యకి చెప్పాను. వద్దంటారనుకున్నాను. చాలాసేపు ఫ్యాను కేసి చూశారు.

"మంచిదే. నాకు తొమ్మిదో కాన్పయ్యాక చెప్పారు, అలాంటిదొకటి ఉందని."

తొమ్మిదని నాకిన్నాళ్ళూ తెలీదు. ఈయన నలుగురనే చెప్పారు. మిగతావాళ్ళకి పేర్లు పెట్టారా? అడగలేదు.

సోమవారం పొద్దున్నే తీసుకురమ్మన్నారు. ఆదివారం రాత్రి నుంచి దానికి ఏమీ పెట్టకూడదట, మెతుకు కూడా. రాత్రి తొమ్మిదింటికి పెరుగన్నం గిన్నె పట్టుకుని పిలుస్తారు అత్తయ్య. ఆవిడకి ఎవరు చెప్తారు?