పక్కపొయ్యి మీది నీళ్ళు

2025 జనవరి 5, మగ్దల్లా

కెప్టెన్ సాబ్ పడవ చూసొచ్చాను. ముప్పై అడుగుల తెరచాప పడవ. గాలి లేనప్పుడు నడపడానికి రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్ ఉంది. ఓడల్లో పనిచేసి రిటైరయిన మనిషి, భార్యతో దీవ్ దాకా పోయిరావాలని ఆశ. "రోజంతా ఉప్పునీళ్ళు ఒంటిమీద పడతాయి మాస్టర్. రాత్రి లంగరేశాక ఆమెకు బకెట్ వేడినీళ్ళుండాలి" అన్నారు.

క్యాబిన్ గోడకు తారిణి ఫొటో ఉంది. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 254 రోజుల్లో భూమిని చుట్టొచ్చిన ఆరుగురు నేవీ అమ్మాయిల పడవ. వాళ్ళలో స్వాతిది విశాఖ, ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాద్ అని చెప్పాను. "కేప్ హార్న్ చలిని ఆ పిల్లలు ఎట్లా తట్టుకున్నారో" అని సాబ్ చాలాసేపు ఆ ఫొటోనే చూశారు.

గ్యాస్ గీజర్ పెడదామా అని అడిగారు. వద్దన్నాను. మూసిన క్యాబిన్‌లో దాని పొగ ప్రాణం తీస్తుంది. గ్యాస్ లీకైతే గాలికన్నా బరువు కనుక పడవ అడుగున చేరి కూర్చుంటుంది. ఇంజన్ ఎట్లాగూ వేడెక్కుతుంది, ఆ వేడినే పట్టుకుందామన్నాను.

జనవరి 8, లింబాయత్, రాత్రి

లెక్క వేశాను. 22 లీటర్ల నీళ్ళను 22 డిగ్రీల నుంచి 62కు కాచడానికి సుమారు ఒక యూనిట్ కావాలి. నూరు ఆంపియర్ అవర్ల 12 వోల్టుల బ్యాటరీలో ఉండేదే 1.2 యూనిట్లు. ఒక్క స్నానానికి బ్యాటరీ ఖాళీ. అదే ఒక లీటరు డీజిల్ కాలితే పది యూనిట్ల వేడి పుడుతుంది. మూడో వంతుకు అటూ ఇటూగా పడవను నడుపుతుంది, ఇంకో మూడో వంతు ఇంజన్ చుట్టూ తిరిగే కూలెంట్‌లోకి పోతుంది. దాన్ని సముద్రపు నీళ్ళతో చల్లార్చి బయటికి వదిలేస్తున్నాం.

సిరిసిల్లలో మా ఇంటి పొయ్యి గుర్తొచ్చింది. పెద్ద పొయ్యికి పక్కన చిన్న పొయ్యి ఉండేది. దానికి అమ్మ ఎన్నడూ వేరే కట్టె పెట్టలేదు. అన్నం ఉడికే మంట లోపలి సందులోంచి అటు పాకేది, దానిమీద నీళ్ళ కుండ. నాన్న మగ్గం మీంచి లేచే వేళకు ఆ నీళ్ళు కాగి ఉండేవి. ఇప్పుడు నేను కట్టేదీ అదే పొయ్యి.

జనవరి 11

వేడినీళ్ళ ట్యాంకును క్యాబిన్‌లో మంచం కింద బోల్టులతో బిగించాం. పడవ ఒరిగినా కదలకూడదు. లోపల రాగి చుట్ట. ఇంజన్ కూలెంట్ ఆ చుట్టలో తిరిగి వెనక్కి పోతుంది, స్నానం నీళ్ళు దాని బయట ఉంటాయి. ఆ రెండూ ఎన్నడూ కలవకూడదు, కూలెంట్ విషం. హోస్ పైపుల ప్రతి కొసకూ రెండేసి క్లిప్పులు.

"మామా, గిన్ని వాల్వులెందుకే?" అన్నాడు నాతో వచ్చిన పిల్లగాడు. కూర్చోబెట్టి చెప్పాను. నీళ్ళు కాగితే ఉబ్బుతాయి, 22 లీటర్లకు గ్లాసున్నర దాకా. ఆ ఒత్తిడి పోవడానికి ఒకటి. వేడినీళ్ళు చన్నీళ్ళ పైపులోకి వెనక్కి మళ్ళకుండా ఒకటి. ఇంజన్ గట్టిగా నడిస్తే ట్యాంకు 80 డిగ్రీలకు చేరొచ్చు, చేయి కాలుతుంది. కుళాయికి ముందే చన్నీళ్ళు కలిపేది మూడోది. వాడు మూడింటినీ వేలు పెట్టి చూపిస్తూ నాకు తిరిగి అప్పజెప్పాడు.

జనవరి 14

ఉత్తరాయణ్. ఊరంతా మేడల మీదే, ఆకాశం నిండా పతంగులు. నిన్ననే పౌర్ణమి, కనుక పోటు బాగా ఎక్కింది. ఆటు వేళ ఈ పడవ బురదలో కూర్చుంటుంది, అప్పుడు ఇంజన్ వేస్తే పంపు మట్టిని తాగి పాడవుతుంది. నీళ్ళెక్కేదాకా ఆగి స్టార్ట్ చేశాం. అరగంట నడిపినా ట్యాంకు చల్లగానే ఉంది. ఇంజన్ దగ్గర పైపు కాలుతోంది, ట్యాంకు దగ్గర మంచులా ఉంది. గాలి పట్టింది. బీరువా వెనకనుంచి పైపును వంపు తిప్పి తెచ్చింది నేనే, ఆ వంపు మీదే గాలి నిలిచింది. సరిచేసేలోపు నీళ్ళు దిగిపోయాయి.

జనవరి 15

వంపు తీసేశాను. పైపును ఇంజన్ నుంచి ట్యాంకు దాకా ఒకే వాలున పరిచాను. ట్యాంకు ఇంజన్ మూతకన్నా ఎత్తులో ఉంది కనుక అన్నిటికన్నా పైన కూలెంట్ డబ్బా ఒకటి బిగించాను. పోటు రాగానే ఇంజన్ వేసి గాలి మర వదులు చేశాను. బుస్సుమని గాలి, తర్వాత నురగ, తర్వాత నిండు ధార. పోయే పైపు మీద ఒక అరచేయి, వచ్చే పైపు మీద ఒక అరచేయి పెట్టి కూర్చున్నాను. మొదటిది కాలింది. కాసేపటికి రెండోది గోరువెచ్చనైంది. నలభై నిమిషాలకు ట్యాంకు మీటరు 60 దాటింది.

జనవరి 16

నిన్న సాయంత్రం ఇంజన్ ఆపాం. ఈ పొద్దున సాబ్ భార్య, వదినగారు, కుళాయి తిప్పితే నీళ్ళు ఇంకా వెచ్చగానే వచ్చాయి. చెంబు నింపి చలికి బిగుసుకున్న వేళ్ళ మీద పోసుకున్నారు. చాలాసేపు కుళాయి కట్టలేదు. సాబ్ కూడా కట్టమనలేదు.

రాత్రి అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది: "కట్టెలెన్ని పట్టినయ్ బిడ్డా?"

"ఒక్కటి గూడ పట్టలేదమ్మా" అన్నాను.